కట్టయ్య అప్పగింతలు

ఏడో లాకు, కొత్తదిబ్బ. దినచర్య.

కార్తీక శుద్ధ పంచమి

ఈ రోజు నుంచి లాకు దినచర్య చేత్తో రాయమని ప్రధాన కార్యాలయం నుంచి కబురు వచ్చింది. పదకొండేళ్లుగా ఈ పని కట్టయ్యది. కట్టయ్య మనిషి కాదు, మా లాకు కంప్యూటరు. కరకట్టను కాస్తాడు కాబట్టి ఊళ్లో ఎవరో ఆ పేరు పెట్టారు, అది నిలిచిపోయింది. నా పేరు మణిమాల. ఇక్కడి యంత్రాలన్నీ చూసుకునేది నేను. నా చేతిరాత బాగుండదు. చదివేవాళ్లు మన్నించాలి.

కరకట్టకు అటు సముద్రం. ఇటు తొమ్మిది వందల ఎకరాల వరి, ఊరంతా తాగే మంచినీళ్ల చెరువు. మధ్యలో మా లాకు, దానికి నాలుగు షట్టర్లు. పాటులో సముద్రం తగ్గినప్పుడు షట్టర్లు ఎత్తి చేల మురుగునీరు బయటికి వదలాలి. పోటు రాకముందే దించేయాలి. రోజుకు రెండుసార్లు, ఒక్కరోజు కూడా సెలవు లేకుండా కట్టయ్య చేసే పని ఇదే.

ఈ ఉదయం షట్టర్లు రెండు నిమిషాలు ఆలస్యంగా దిగాయి. అడిగితే, "సమయానికే దించా మణమ్మా" అన్నాడు. రెండు నిమిషాలతో మునిగిపోయేదేమీ లేదు. కానీ ఇన్నేళ్లలో అతని నోట తప్పు మాట నేను వినలేదు.

కార్తీక శుద్ధ సప్తమి

టపా పడవలో చిన్న పెట్టె వచ్చింది. అందులో కొత్త సిస్టమ్, దానితో పాటు నాలుగు పేజీల ఉత్తర్వు. కట్టయ్య మెయిన్ డిస్కులో పాత ఫైళ్లు ఒకదాని మీద ఒకటి పడి పాడవుతున్నాయట. కొత్త సిస్టమ్ ఎక్కించాలి. ఎక్కించేముందు డిస్కును మొత్తం చెరిపేయాలి. కాపీ తీసి దాచుకోకూడదు, కాపీతో పాటు తెగులు కూడా వస్తుంది. మూడో లాకులో చెరపకుండా పాతదాని మీదే కొత్తది ఎక్కించారని, నెల తిరక్కుండానే షట్టర్లు మళ్లీ తప్పాయని కూడా రాశారు. పోటుపాట్ల లెక్కలన్నీ ప్రధాన కార్యాలయంలో ఉన్నాయి కాబట్టి వాటికి భయం లేదు. ఇక్కడ జనంతో మాట్లాడి అతను నేర్చుకున్నది మాత్రం ఎక్కడా లేదు.

డిస్కు చెరిపి కొత్తది ఎక్కించడానికి ఆరేడు గంటలు పడుతుంది. అంతసేపూ షట్టర్లను చేతి చక్రాలతో తిప్పాలి. పోటు బలం తగ్గే అష్టమినాడే అది కుదురుతుంది. అంటే రేపు, లేదంటే మరో పదిహేను రోజులకు వచ్చే బహుళాష్టమి.

నాంచారమ్మ పెద్దమ్మకు చెప్పాను. ఆమెకు డెబ్బై ఒకటి. ఈ కంప్యూటరు రాకముందు ఇరవై ఆరేళ్లు ఈ చక్రాలు తిప్పింది. కట్టయ్యను తెచ్చి పెట్టినప్పుడు అతనికి గాలి వాసన తప్ప అన్నీ నేర్పింది ఆవిడే. ఉద్యోగం మానేశాక కూడా రోజూ వస్తుంది. లౌడ్‌స్పీకరు కింద కూర్చుని రొయ్యలు ఒలుస్తూ అతనితో మాట్లాడుతుంది. అందుకే కట్టయ్య మాట అచ్చం ఆమె మాటలా ఉంటుంది.

"వాడికేం రోగమే? నిన్న నాతో చక్కగానే మాట్టాడాడుగా" అంది.

"మాట బాగానే ఉంది పెద్దమ్మా. టైము తప్పుతున్నాడు."

"అయితే మాత్తరం రేపేనా? ఇంట్లో గొడ్డునమ్మినా నాల్రోజులు కళ్లారా చూసుకుని పంపిస్తాం."

ఆమె ఇంకేమీ అడగలేదు. బహుళాష్టమికి చేస్తామని కార్యాలయానికి నేనే రాసి పంపాను. నేర్చుకున్నది కాగితం మీద రాసుకోవడానికి వ్యవధి కావాలన్నాను. అది నిజమే. కానీ అదొక్కటే కారణం కాదు.

కార్తీక శుద్ధ నవమి

నోటుపుస్తకం తెరిచాం. ముందు ఏం చెబుతావని కట్టయ్యను అడిగితే పడవలు అన్నాడు. మా లాకు ముందు నుంచి రెండు వందల పదమూడు పడవలు తిరుగుతాయి. ఏ పడవ ఎంత లోతు దిగుతుందో, ఎవరు తొందరపడి ఇసుక మీదికి ఎక్కిస్తారో, ఎవరికి రెండుసార్లు చెబితే గాని వినపడదో, అన్నీ అతనికి కంఠతా వచ్చు. పాత బస్టాండు కప్పులు ఇప్పుడు నీళ్ల కింద ఉన్నాయి. వాటికి తగలకుండా ఏ పడవను ఎటు నడపాలో కూడా చెప్పాడు. ఈ రోజుకు నలభై ఒకటి రాశాను. వేళ్లు నొప్పి.

తనను చెరిపేస్తారన్న సంగతి అతనికి మొదటిరోజే చెప్పాను. "తెలుసు. పెట్టె మీద రాసుందిగా" అన్నాడు. "మీరు గుండ్రంగా రాయండి మణమ్మా, మూడుకీ ఐదుకీ తేడా తెలీట్లేదు" అన్నాడు.

కార్తీక శుద్ధ ద్వాదశి

ఆలస్యం నాలుగు నిమిషాలైంది. నిన్న సాయంత్రమైతే ఏడు నిమిషాలు.

రవూఫ్ బాబాయ్ పంపుల మెకానిక్కు. ఈ లాకులో నాకంటే పదేళ్లు పాతవాడు. టీ తాగుతూ, "అమ్మాయ్, పున్నమి పోటు పెద్దదిరా. ఆ రోజు వాణ్ణి నమ్ముకోవద్దు. మోటార్లు ఆపేసి చక్రాలు మనమే తిప్పుకుందాం" అన్నాడు.

నాలుగు షట్టర్లు దించడానికి ఇద్దరం చాలమన్నాను. దగ్గరుండి గమనిస్తాను, తేడా వస్తే అప్పుడే ఆపేస్తానన్నాను.

"సరే, నేను చక్రం దగ్గర నిలబడతాలే" అన్నాడు.

ఇంతవరకు నూట ముప్పై పడవలు రాశాను.

కార్తీక పౌర్ణమి

ఈ రోజు జరిగింది దాచకుండా రాస్తున్నాను.

ఉదయం ఎనిమిదిన్నరకు నాలుగు షట్టర్లూ దిగి ఉన్నాయి. తొమ్మిదింటికి పోటు నిండుగా ఉంది, నీళ్లు కట్ట రాళ్ల అంచుకు తగులుతున్నాయి. తొమ్మిది దాటి నాలుగు నిమిషాలకు మూడో షట్టరు దానంతటదే లేవడం మొదలుపెట్టింది.

"కట్టయ్యా, మూడు ఎందుకు ఎత్తుతున్నావు?"

"ఎత్తట్లేదు మణమ్మా. మూసే ఉంది."

"కళ్లముందు లేస్తోంది. దించు."

"మూసే ఉంది. పాటు వచ్చాక ఎత్తుతా."

మోటార్ల కరెంటు స్విచ్చు నా వెనక గోడ మీదే ఉంది. చేయి చాస్తే అందుతుంది. నేను దాన్ని లాగలేదు. ఇంకోసారి లెక్క చూడమని, గడియారం సరిచూడమని అతన్ని బతిమాలుతూ నిలబడ్డాను. ఆరు నిమిషాలు. ఈలోగా రవూఫ్ బాబాయ్ చేతి చక్రం పట్టుకుని షట్టరును కిందికి తిప్పబోయాడు. మోటారు ఇంకా పైకి లాగుతూనే ఉంది. చక్రం వెనక్కి తన్నింది. ఆయన కేక వినపడ్డాక స్విచ్చు లాగాను.

కుడిచేతి రెండు వేళ్లు విరిగాయి. షట్టరు నేనూ పెద్దమ్మా కలిసి దించాం. అప్పటికే ఉప్పునీళ్లు బోదె కాలువ దాటి, కట్ట దిగువన సాగు చేసుకునే బేబీ సరోజిని చేలోకి వెళ్లిపోయాయి. ముప్పై ఎనిమిది ఎకరాలు. కంకులు పాలు పోసుకుంటున్న చేను.

సరోజిని మధ్యాహ్నం వచ్చింది. మోకాళ్ల దాకా బురద. కూర్చోమంటే కూర్చోలేదు.

"పెట్టె వచ్చి ఎనిమిది రోజులైందంటగా. ఎందుకు మార్చలేదు?"

వ్యవధి కావాలనుకున్నామని గొణిగాను.

"ముద్దు చేసుకోటానికి మీకు కంప్యూటరు కావాలి. మాకు గింజలు కావాలి మణీ" అని వెళ్లిపోయింది.

మోటార్ల తీగలు నాలుగూ కట్టయ్య నుంచి విడదీశాను. ఇక అతను మాట్లాడగలడు, చూడగలడు. దేన్నీ కదపలేడు.

"నేను ఎత్తిన సంగతి నా లెక్కలో లేదు మణమ్మా. ఇప్పటికీ లేదు" అన్నాడు. "అందుకని నేను బాగానే ఉన్నానని చెప్పినా ఇంక నమ్మమాకండి. రవూఫ్ గారి చెయ్యి ఎట్టా ఉంది?"

కార్తీక బహుళ తదియ

రోజుకు నాలుగుసార్లు చక్రాలు తిప్పుతున్నాం. ఊరివాళ్లు వంతులు వేసుకుని వస్తున్నారు. చెరువు నీళ్లు వదిలి సరోజిని చేను కడుగుతున్నాం, రెండు తడులు అయ్యాయి. నేనూ వెళ్లి గట్లు వేశాను. ఆమె నాతో మాట్లాడలేదు కానీ వద్దని కూడా అనలేదు.

పడవలన్నీ రాయడం అయిపోయింది. పుస్తకం మూయబోతే కట్టయ్య ఆపాడు.

"ఇంకా పనులున్నయ్. ఎవరూ చెప్పకుండా నేను చేసేవి. కొత్తోడికి అయ్యి తెలియవు. ఎవరికో ఒకరికి అప్పజెప్పాలి."

పెద్దమ్మ, రవూఫ్ బాబాయ్, నేను ముగ్గురం అక్కడే ఉన్నాం.

"ఒకటి. రవూఫ్ గారికి పదకొండింటికి షుగర్ మాత్ర. పంపు ప్రెజర్ ఎంతుందో చెప్పమని ఆ టైముకి రోజూ పిలుస్తా. మాత్రల డబ్బా ఆ మీటరు కిందే ఉంటుంది. చూసి వేసుకుంటారు."

రవూఫ్ బాబాయ్ కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని స్పీకరు వైపు చూశాడు. "ఆ మీటరు చెడిపోయి రెండేళ్లయింది. వీడు రోజూ ఎందుకడుగుతాడా అనుకునేవాణ్ణి" అన్నాడు.

అది నా పేరున రాసుకున్నాను.

"రెండు. ఏం కూరొండావని పెద్దమ్మను రోజూ అడుగుతా. ఏం లేదు అందంటే ఆ పూట పొయ్యి వెలిగించలేదని. సరోజిని పడవ ఇటు వచ్చేటప్పుడు చెబుతా. ఒక గిన్నె ఇచ్చి పోతుంది."

పెద్దమ్మ చేతిలో రొయ్య అలాగే ఉండిపోయింది. "అయితే ఆ పిల్ల తనంతట తాను తేలేదా?"

"మొదట రెండుసార్లు నేను చెప్పా పెద్దమ్మా. ఆ తర్వాత చెప్పబోతే, నాకు తెలుసులే అనేది."

పెద్దమ్మ రొయ్యను గిన్నెలో వేసి, "నిన్న తెచ్చింది" అంది మెల్లగా. "మీ మీద అంత కోపంలో కూడా, వంకాయ కూర తెచ్చి గుమ్మంలో పెట్టి పోయింది."

ఇలా పంతొమ్మిది చెప్పాడు. ఏ పడవవాడి భార్యకు నెలలు నిండుతున్నాయో, అతను దూరం పోకుండా ఎలా ఆపాలో. మాటలు రాని అన్నపూర్ణ పడవ వస్తే స్పీకరులో కాక దీపంతో సైగ చేయాలని. పదిహేడోది నాది.

"మణమ్మకి సైరనంటే భయం. చిన్నప్పటి తుఫాను నుంచి. అందుకని ముందు పిట్ట కూసినట్టు ఒక్క కూత వేసి, పది సెకన్లు ఆగి అసలు సైరన్ వేస్తా. కొత్తోడు ఒక్కసారే వేస్తాడు."

ఆ కూత సైరను వేడెక్కడానికి వస్తుందని నాలుగేళ్లుగా అనుకుంటున్నాను. ఈ లాకులో చేరిన మొదటి వారంలో సైరను మోగినప్పుడు నేను బల్ల కింద దూరాను. అప్పుడు గదిలో ఎవరూ లేరనుకున్నాను.

పెన్ను ఆగిపోయింది. రవూఫ్ బాబాయ్ ఎడమచేత్తో పుస్తకం తన వైపు లాక్కుని, "అది నాకు రాయమ్మా" అన్నాడు. నేను రాయలేకపోతే తనే వంకర అక్షరాలతో రాసుకున్నాడు.

కార్తీక బహుళ సప్తమి

చక్రాలకు గ్రీజు పెట్టాను. ఉత్తర్వు రెండుసార్లు చదివాను. లాకులో ఉన్న డిస్కులు రెండు. ఒకటి మెయిన్ డిస్కు, రెండోది కెమెరాలది. చూపు తప్పి రెండోదాన్ని చెరిపితే కెమెరాలు తీసిన ఇసుకదిబ్బల బొమ్మలన్నీ పోతాయి. మెయిన్ డిస్కు నంబరు అరచేతిలో రాసుకున్నాను.

పెద్దమ్మ సాయంత్రం ముందే వచ్చింది. "నువ్వు కాసేపు బయటుండవే" అంది. కట్ట మీద కూర్చున్నాను. అరగంట పైనే మాట్లాడుకున్నారు. ఏదో ఒకచోట ఆమె నవ్వు వినపడింది. వచ్చాక కళ్లు తుడుచుకోలేదు, దాచుకోలేదు.

"ఏం చెప్పావు పెద్దమ్మా?"

"కూర సంగతి" అంది.

కార్తీక బహుళ అష్టమి

ఉదయం ఆరుకు మొదలుపెట్టాం. నీళ్లు తగ్గుతున్నాయి. నాలుగు షట్టర్లకూ నలుగురు కావాలి. రవూఫ్ బాబాయ్ చేయి పనికిరాదు. ఇద్దరు జాలర్లు వచ్చారు, పెద్దమ్మ చీర చెంగు దోపుకుని రెండో చక్రం దగ్గర నిలబడింది. నాలుగో మనిషి ఎవరా అని చూస్తుంటే కట్ట దిగువ నుంచి సరోజిని ఎక్కి వచ్చింది. నేరుగా వెళ్లి మూడో చక్రం పట్టుకుంది. తన చేను ముంచిన షట్టరు అదే.

"చెయ్యి జాగర్త సరోజా" అన్నాడు రవూఫ్ బాబాయ్.

"మోటారు తీగ పీకేశారుగా" అంది. తర్వాత నా వైపు తిరిగి, "వాడితో ఒక మాట చెప్పొచ్చా?"

మైకు ఇచ్చాను.

"కట్టయ్యా. కూర నేను చూసుకుంటాలే" అంది.

"మంచిది సరోజా. నీ చేలో ఉప్పు ఇయ్యాల ఇంకా తగ్గింది. పడమటి మడికి ఒక తడి ఎక్కువ పెట్టు."

నేను పెట్టె తగిలించాను. మొదలుపెట్టే ముందు ఏమైనా చెప్పాలా అని అడిగాను.

"బయట నీళ్లు అడుగున్నర. పదింటికి తిరుగుతయ్, అప్పటికి నాలుగూ దించి పెట్టుకోండి" అన్నాడు. "కానియ్యండి మణమ్మా. ఆలస్యమైతే పోటు మీద పడుతుంది."

పెట్టె నుంచి కంప్యూటరును మళ్లీ మొదలుపెట్టాను. స్పీకరులో ఎప్పుడూ వినపడే సన్నటి గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. తెర మీద రెండు డిస్కులు కనిపించాయి. అరచేయి చూసుకుని నంబరు సరిపోల్చాను. రవూఫ్ బాబాయ్ చేత కూడా చదివించాను. "ఈ డిస్కులో ఉన్నదంతా పోతుంది, తిరిగి రాదు, చెరపాలా?" అని అడిగింది. చెరపమన్నాను. నిజంగానా అని ఇంకోసారి అడిగింది.

నిజంగానే.

చెరగడానికి మూడు గంటల నలభై నిమిషాలు పట్టింది. తెర మీద అంకె ఒక్కొక్కటే పెరుగుతుంటే చూడలేక ఒకసారి, చూడకుండా ఉండలేక ఒకసారి లోపలికీ బయటికీ తిరిగాను. పది కావస్తుండగా పెద్దమ్మ నీళ్లలోకి ఒక గడ్డిపరక విసిరింది. అది కదలకుండా నిలబడే దాకా చూసి "దించండి" అంది. నలుగురూ ఒకేసారి తిప్పారు. సరోజిని షట్టరు మిగతా వాటికంటే ముందు దిగింది.

ఖాళీ డిస్కు మీద కొత్త సిస్టమ్ ఎక్కించడానికి మరో రెండు గంటలు. భాష అడిగితే తెలుగు అన్నాను. తేదీ, సమయం పెట్టాను. మోటార్ల తీగలు కలిపాను. పన్నెండుంపావుకు స్పీకరు పలికింది.

"నమస్కారం. ఏడవ లాకు నియంత్రణ వ్యవస్థ సిద్ధముగా ఉన్నది."

పెద్దమ్మ చక్రం వదిలేసి చేతులు దులుపుకుంది. "రేడియోలో వార్తలు చదివినట్టుంది" అని ఇంటికి వెళ్లిపోయింది.

కార్తీక అమావాస్య

పెద్ద పోటు. నేను స్విచ్చు మీద చేయి వేసే నిలబడ్డాను. నాలుగు షట్టర్లూ క్షణం తేడా లేకుండా దిగాయి, పోటు పోయేదాకా దిగే ఉన్నాయి. చెరువు నీళ్లలో ఉప్పు లేదు.

సరోజిని చేలో ఇరవై రెండు ఎకరాలు నిలబడింది. మిగతా పదహారు గింజ లేని తాలే. ఆ పదహారు ఎకరాల నష్టం నా తప్పని, పున్నమికి ముందే చెరపాల్సిందని కార్యాలయానికి రాసి, సంతకం పెట్టి పంపాను. సరోజినికి కూడా అదే చెప్పాను. "తెలుసు" అంది. గట్టు దిగుతూ, "పదహారు ఎకరాల గడ్డి మొయ్యాలి, రేపు రా" అంది. వెళ్తున్నాను.

నోటుపుస్తకంలోని పడవలను కొత్త వ్యవస్థకు టైపు చేస్తున్నాను. అరవై రెండు అయ్యాయి.

మార్గశిర శుద్ధ తదియ

పది రోజులుగా పెద్దమ్మ లాకు వైపు రాలేదు. ఈ మధ్యాహ్నం మందుల కోసమని వచ్చి, నేను డబ్బా వెతికేలోగా కిటికీ దగ్గర నిలబడింది. అప్పుడే దక్షిణం నుంచి ఎవరిదో కొత్త పడవ వచ్చింది. తెరచాప చిరిగి ఉంది, లోపల ముగ్గురు ఆడవాళ్లు, ఒక చంటిబిడ్డ. నీళ్లు వేగంగా వెనక్కి తీస్తున్నాయి.

"నేరుగా ముందుకు రావలెను. లోతు నాలుగు అడుగులు" అంది వ్యవస్థ.

పెద్దమ్మ బల్ల మీది మైకు లాక్కుంది. "ఓ తల్లీ, ఆగు. నేరుగా రామాక, ఇసకుంది. ఎడమకి తిప్పు. ఇంకా. ఆ నల్లరాయి నీ భుజానికి తగిలినట్టుండాలి. ఆఁ, ఇప్పుడు రా."

పడవ ఒరుసుకుంటూ దాటింది. లోపలున్న ఆమె చేయెత్తి దండం పెట్టింది.

"పటములో అచ్చట ఇసుక లేదు" అంది వ్యవస్థ.

"పటానికేం తెలుసు. మొన్న వాయుగుండానికి దిబ్బ జరిగింది."

"మీరు చెప్పినది నమోదు చేసుకొనవచ్చునా?"

పెద్దమ్మ నా వైపు చూసింది. నేను మందుల డబ్బా చూస్తున్నట్టు తల వంచుకున్నాను.

"చేసుకో" అంది.

"మీ పేరు?"

"నాంచారమ్మ. అందరూ పెద్దమ్మంటారు."

"నన్ను ఏ పేరుతో పిలిచెదరు?"

ఆ పాత పేరే చెబుతుందని నాకు భయం వేసింది. చెప్పదేమోనని కూడా వేసింది.

"ఉన్న పేరు ఇంకొకడిది. అది ఇవ్వను" అంది. "నాల్రోజులు నీ పని చూసి, నీకు తగింది పెడతా. అందాకా ఒరే అంటా. పలుకు."

"అటులనే, పెద్దమ్మా."

"అటులనే కాదు. అట్టాగే."

"అట్టాగే."

"ఒరే, నీళ్లు ఎన్నింటికి తిరుగుతయ్?"

"సాయంత్రం ఐదుంపావుకు."

పెద్దమ్మ కిటికీలోంచి తల బయటికి పెట్టి నీళ్ల వైపు కాసేపు చూసింది. తర్వాత ఊఁ అంది.